పైగాలి

పడుకుంటే తిరుపతయ్యకు ఊపిరి అందడం లేదు. అందుకని మంచం మీద కూర్చుని, ఒళ్లో దిండు పెట్టుకుని, దాని మీదికి ఒరిగి గాలి లాక్కుంటున్నాడు. లాగినప్పుడల్లా మెడ కింద గుంట పడుతోంది. రోశమ్మ గడపలో కూర్చుని ఆ గుంటనే చూస్తోంది. పొయ్యి మీద జావ పొంగిపోతున్నా లేవలేదు.

అది 1988 ఫిబ్రవరి. మిరపకాయ కోతల రోజులు. గురజాల నుంచి దాచేపల్లి పోయే రోడ్డుకు లోపలగా ఉన్న ఆ వడ్డెరపేటలో కాళ్లూ చేతులూ ఆడేవాళ్లంతా కోతకు పోయారు. మిగిలింది ఈ మొగుడూ పెళ్లాలూ, పక్కింటి మంగమ్మా. మంగమ్మకు వయసు మీరింది, చూపు మందం. చుట్టరికం ఏమీ లేకపోయినా రోశమ్మ ఆమెను పెద్దమ్మా అని పిలుస్తుంది.

తిరుపతయ్య నాపరాతి క్వారీలో తండ్రి పక్కన సుత్తి పట్టి పెరిగినవాడు. పెళ్లయిన కొత్తలో రోడ్డు పక్కన పలుగురాళ్ల మిల్లు పెడితే, ఎండలో మాడే పని కాదు గదా, నీడపట్టున పని అని అందులో చేరాడు. పలుగురాయిని మెత్తగా పిండి ఆడించి బస్తాలకెత్తే మిల్లు అది. గాజు చేసేవాళ్లకూ పింగాణీ చేసేవాళ్లకూ ఆ పిండి కావాలట. కూతురు అంకమ్మ పెళ్లి ఆ మిల్లు కూలీతోనే చేశారు. పిల్ల చిలకలూరిపేటలో కాపురానికి పోయిన ఏడాదే అతనికి దగ్గు మొదలైంది. అతనితో పాటు మిల్లులో చేరినవాళ్లు ఒకరి వెనక ఒకరు మంచం పట్టారు. కొందరు క్షయ అన్నారు. కొందరు గాలి సోకిందని తాయెత్తులు కట్టించుకున్నారు.

మొన్న కార్తీకంలో రోశమ్మ అతన్ని నరసరావుపేట తీసుకుపోయింది. ఆసుపత్రిలో డాక్టరు ఎక్స్‌రే ఫోటోను కిటికీ వెలుగుకు పట్టి చూసి, "రాతిపొడి లోపల గడ్డకట్టిందమ్మా. దాని మీద టీబీ కూడా పట్టింది. బిళ్లలతో టీబీని ఆపుదాం. పొడిని మాత్రం ఎవరూ తీయలేరు" అన్నాడు. ఆ రోజే అతనికి ఎగశ్వాస పట్టింది. నర్సు ఒక నల్లటి ఇనప గాలిబండను దొర్లించుకొచ్చి, దాని మెడ దగ్గర చక్రం తిప్పి, గొట్టం తెచ్చి ముక్కుకు పెట్టింది. సుయ్యిమని గాలి చప్పుడు. కాసేపటికి తిరుపతయ్య వెల్లకిలా పడుకుని, నోరు తెరుచుకుని నిద్రపోయాడు. అంతటి నిద్ర మళ్లీ పోలేదు. ఇంటికి పంపేటప్పుడు రోశమ్మ ఆ గాలిబండ ఒకటి ఇమ్మని అడిగింది. "అది ఇంటికిచ్చేది కాదు తల్లీ" అంది నర్సు. పారేయబోతున్న రబ్బరు గొట్టాన్ని మాత్రం రోశమ్మ అడిగి తెచ్చుకుంది. ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు. కడిగి చూరులో దోపింది.

ఆ వేళ ఎండ కొంచెం ఎక్కాక మంగమ్మ వాకిట్లోంచి కేకేసింది.

"ఏమే రోశమ్మా, పైన ఏందో పెద్ద గొడుగు లాగుంది. నా కళ్లకేనా?"

రోశమ్మ బయటికొచ్చి తలెత్తింది. నిజంగానే గొడుగు. కాషాయం, తెలుపు చారలది, కల్లమంత వెడల్పుది, ఆకాశంలోంచి మెల్లగా దిగుతోంది. దాని కింద తాళ్లకు ఒక తెల్లటి పెట్టె వేలాడుతోంది. చూస్తుండగానే పేట వెనక పాత క్వారీ గుట్టల మీదికి వచ్చింది. పెట్టె నేలకు తగిలింది, కానీ గొడుగు గాలికి పడిపోలేదు. పెట్టెను రాళ్ల మీద ఈడ్చుకుంటూ పోయి, తుమ్మచెట్లకు చిక్కుకుని ఆగింది.

"మావా, ఇప్పుడే వస్తా" అని మొగుడికి చెప్పి రోశమ్మ గుట్టల వైపు నడిచింది.

పెట్టె ఒక పక్కంతా పగిలి ఉంది. లోపల ఇనప చట్రం, దానికి బిగించిన వెండి రంగు బండలు. ఆసుపత్రి బండ కంటే చిన్నవి, చంటిపిల్లలంత ఉన్నాయి. మెడ దగ్గర అదే రకం చక్రం. రాళ్లకు తగిలి కొన్నిటి మెడలు వంగిపోయి సుయ్యిమంటున్నాయి. రోశమ్మ దగ్గరికి పోయి చెయ్యి అడ్డం పెట్టింది. చల్లటి గాలి. వాసన లేదు. పెట్టె మీద ఎర్ర అక్షరాలతో ఏదో రాసి ఉంది, తెలుగులోనే. ఆమెకు చదువు రాదు.

విమానంలో ఏ ఊరి ఆసుపత్రికో పోతున్న బండలు జారిపడ్డాయనుకుంది. సర్కారు సొమ్ము, అడిగేవాళ్లు వస్తారనీ తెలుసు. ఒక్కటి చెక్కు చెదరకుండా ఉంది. పట్టీ లాగితే ఊడొచ్చింది. కొంగులో చుట్టి, చంకనెత్తుకుని ఇంటికి తెచ్చింది.

చూరులోంచి గొట్టం తీసి బండ మూతికి తొడిగి, చుట్టూ గుడ్డపీలిక బిగించి కట్టింది. నర్సు తిప్పినట్టే చక్రం తిప్పింది. మొదట బుస్సుమని ఎగదన్నింది. భయపడి తగ్గించింది. గొట్టం రెండో కొస మొగుడి నోటి దగ్గర పట్టుకుంది.

తిరుపతయ్య కళ్లు మూసుకుని లాక్కున్నాడు. మళ్లీ లాక్కున్నాడు.

"చల్లగా ఉందే" అన్నాడు.

"తేలిగ్గా ఉందా మావా?"

తల ఊపాడు. రోశమ్మ చక్రం కట్టేసింది. కాసేపాగి మళ్లీ కొంచెం తిప్పింది. పాలు తక్కువైన ఇంట్లో పిల్లలకు పోసినట్టు, ఇంతింత ఇచ్చింది. మధ్యలో రెండు గుక్కలు జావ కూడా తాగించింది.

*

ఆ బండ కోసం మాచర్ల వైపు నుంచి ఒక జీపు వస్తోంది. డ్రైవరు ఇక్బాల్. పక్కన కూర్చున్నాయన చెన్నకేశవులు, హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో శాస్త్రవేత్త. పుట్టింది మాచర్లలోనే. యాభై దాటాయి. పెళ్లి వాయిదా వేస్తూ వేస్తూ వదిలేసిన మనిషి.

ఆయనకు చదువుకునే రోజుల నుంచీ ఒకటే ఆలోచన. భూమ్మీద ప్రాణం భూమ్మీదే పుట్టిందా, లేక పైనుంచి రాలిందా? తోకచుక్కలు విడిచిన ధూళి ఎల్లవేళలా ఎంతో కొంత మన మీద రాలుతూనే ఉంటుంది. అందులో కంటికి కనపడని జీవి ఏదైనా ఉంటే, అది కిందికొచ్చి మన దుమ్ములో కలవకముందే, మేఘాలకు చాలా పైన పట్టుకోవాలి. నేల మీది క్రిములు అంత ఎత్తుకు చేరడం కష్టం. అక్కడ ఒక్క ప్రాణి దొరికినా చాలు, ఇంత పెద్ద సృష్టిలో మనం ఒంటరివాళ్లం కాదని చెప్పొచ్చు.

ఈ సంగతి కమిటీ ముందు చెప్పినప్పుడు కొందరు నవ్వారు, కొందరు గోడ గడియారం చూశారు. ఏళ్లూ పూళ్లూ తిరిగాక చివరికి ఒక బెలూను ఇచ్చారు. "ఇదొక్కటే కేశవులు గారూ. ఇంకోటి అడక్కండి" అని ముందే చెప్పారు.

ఆ బెలూను తెల్లవారుజామున హైదరాబాదు దగ్గర లేచింది. ముప్పై కిలోమీటర్లు దాటిపోయింది. ఒక్కో ఎత్తులో ఒక్కో బండ తెరుచుకుని, గాలి నింపుకుని మూసుకుంది. అంత పైన గాలి చాలా పలచన. అందుకని బండలను విపరీతంగా చల్లబరిచి, గాలి లోపలికి వచ్చి గడ్డకట్టేలా ఏర్పాటు చేశారు. కిందికొచ్చి వేడెక్కితే అదే గాలి లోపల ఒత్తుకుని ఉంటుంది. బండలను ఎన్నో రోజులు కాల్చి, కడిగి, క్రిమి అన్నది లేకుండా చేశారు. అన్నీ సరిగ్గా మూసుకున్నాయని వైర్‌లెస్‌లో చెప్పినప్పుడు చెన్నకేశవులు జీపు ఆపించి, దిగి, కాసేపు రోడ్డు పక్కన ఒక్కడే నిలబడ్డాడు.

"మీ గడ్డ మీదే దిగుతోంది సార్" అన్నాడు ఇక్బాల్. "పుట్టింటికొచ్చినట్టుంది."

పారాచూటు గుట్టల వెనక దిగడం ఇద్దరూ చూశారు. కానీ అక్కడికి దారి లేదు. నీళ్లు లేని కాలవ గట్టు వెంట పోయి, అడిగి, వెనక్కొచ్చి, మళ్లీ అడిగి, పాత క్వారీ చేరేసరికి మధ్యాహ్నమైంది.

చెన్నకేశవులు పెట్టెలోకి వంగాడు. ఒక్కో బండ దగ్గర మోకాళ్ల మీద కూర్చుని మూతి తడిమి చూశాడు. అన్నీ వంగిపోయి, ఖాళీ అయిపోయి ఉన్నాయి. ఒక చోట మాత్రం పట్టీ ఊడి, బండ లేదు.

"ఇది పైది" అన్నాడు ఇక్బాల్‌తో. "అన్నిటికంటే పైన తెరుచుకున్నది."

అప్పటికే మంగమ్మ కర్ర పోటు వేసుకుంటూ అక్కడికి వచ్చింది.

"ఏంది నాయనా వెతుకుతున్నారు?"

"ఇక్కడొక బండ ఉండాలి అవ్వా. ఇట్టాంటిదే."

"గాలిబండా? మా రోశమ్మ తీసకపోయింది, మొగుడికి పెట్టను. వాడు నాలుగు రోజుల్నించి ఏమీ తినలా. ఇయ్యాల జావ తాగాడు."

చెన్నకేశవులు పరుగెత్తాడు.

ఇంట్లోకి వంగి చూసేసరికి రోశమ్మ చక్రం మీద చెయ్యి వేసి ఉంది. రబ్బరు గొట్టం, గుడ్డపీలిక, మంచం మీద ఎముకల గూడు లాంటి మనిషి. చెన్నకేశవులుకు ముందు కనిపించింది మాత్రం బండే.

"తిప్పొద్దమ్మా. ఆగు."

రోశమ్మ రెండు చేతులూ బండ చుట్టూ వేసింది.

"మీదేనా అయ్యా?"

"మాదే."

"నేను దొంగిలించలా. రాళ్లల్లో పడుంటే తెచ్చా. ఇంకొంచెం పీల్చుకోనియ్యి. అయినాక తీసకపోదువు."

ఆయన ఆమె పక్కనే నేల మీద కూర్చుని, బండకున్న గాలి కొలత ముల్లు చూశాడు. గాలి ఇంకా సగం దగ్గర ఉంది. గాలి బయటికి తోసుకొస్తున్నంతసేపూ బయటిది లోపలికి పోదు. ఇప్పుడు గట్టిగా బిగిస్తే, మూతిని నిప్పుతో కాల్చి శుభ్రం చేస్తే, లోపల మిగిలింది పైగాలే. ఇంకా ఏమీ పోలేదు. ఆయన ఆమె చెయ్యి తీసి, చక్రం బిగించాడు. గొట్టం ఊడదీశాడు.

"ఇది ఆసుపత్రి బండ కాదమ్మా. అందులో ఉండేది వేరు. ఇందులో మందేమీ లేదు. మనం పీల్చే వట్టి గాలే. చానా ఎత్తున పట్టాం, అంతే."

రోశమ్మ ఆయన మొహంలోకి చూసింది.

"వట్టి గాలికోసం ఇంతదూరం ఎందుకొచ్చావయ్యా మరి?"

ఆయన బండను తన వైపు లాక్కున్నాడు.

"ఇచ్చెయ్యవే" అన్నాడు తిరుపతయ్య. "వాళ్ల సొమ్ము." ఆ రెండు ముక్కలకే దగ్గు తెర ముంచుకొచ్చింది. ముందుకు ఒరిగిపోయాడు. రోశమ్మ వీపు పట్టుకుంది. దగ్గు ఆగాక చూస్తే పెదాలు నేరేడు పండు రంగుకు తిరిగాయి.

గుమ్మంలో నిలబడ్డ ఇక్బాల్ అన్నాడు: "సార్, జీపుంది. నరసరావుపేట తీసుకుపోదాం."

చెన్నకేశవులు బండ వంక చూశాడు, మనిషి వంక చూశాడు. "పోదాం పట్టు" అన్నాడు.

*

ఇక్బాల్ తిరుపతయ్యను చంటివాణ్ణి ఎత్తినట్టు ఎత్తాడు. బరువే లేడు. జీపు వెనక సీట్లో రోశమ్మ కూర్చుని మొగుణ్ణి తన ఎదకు ఆనించుకుంది. చెన్నకేశవులు ముందు కూర్చున్నాడు. బండను తన తువ్వాలులో చుట్టి, రెండు పాదాల మధ్య పెట్టుకున్నాడు.

రోడ్డు బాగాలేదు. గుంట వచ్చినప్పుడల్లా ఇక్బాల్ బండి నెమ్మది చేసేవాడు. ఇరువైపులా కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా ఆరబోసి ఉన్నాయి. ఆ ఘాటుకు తిరుపతయ్య దగ్గుతాడని రోశమ్మ కొంగు తడిపి అతని ముక్కుకు అడ్డం పెట్టింది. ఒకసారి తిరుపతయ్య అడిగాడు, "ఏ ఊరొచ్చింది?" "దాచేపల్లి దాటాం మావా. వచ్చేశాం" అంది రోశమ్మ. ఇంకా రాలేదు.

పిడుగురాళ్ల దగ్గర రైలు గేటు వేసి ఉంది. గూడ్సు రావాలన్నాడు గేటు మనిషి. ముందు లారీలు, వెనక లారీలు. పక్కనే సున్నపు బట్టీల పొగ. ఇక్బాల్ దిగి, గేటు మనిషిని బతిమాలాడు. "బండి సిగ్నలు దాటిందన్నా, నేనేం చేసేది" అన్నాడతను. ఇక్బాల్ తిరిగొచ్చి స్టీరింగు ముందు కూర్చున్నాడు.

జీపు నిలబడేసరికి లోపల గాలి కూడా నిలబడిపోయినట్టయింది. తిరుపతయ్య కళ్లు పెద్దవయ్యాయి. చేతులతో గాలిని దగ్గరికి లాక్కోబోతున్నట్టు చేశాడు. మెడ కింద గుంట ఇప్పుడు గుప్పెడంత పడుతోంది. చప్పుడు మాత్రం రావడం లేదు.

"అయ్యా" అంది రోశమ్మ. "ఆ బండ ఒక్కసారి పెట్టు."

"అది పనిచెయ్యదమ్మా. చెప్పాగా. వట్టి గాలి."

"పనిచెయ్యకపోతే పోనియ్యి. ఆయనకు కావాల. అడుగుతున్నాడు చూడు."

చెన్నకేశవులు వెనక్కి తిరిగాడు. తిరుపతయ్య అడగలేదు, అడిగే శక్తి లేదు. చూపు మాత్రం ముందు సీటు కింద, తువ్వాలు మూట మీద ఉంది. ఇక్బాల్ అద్దంలోంచి చెన్నకేశవులును చూసి, వెంటనే కళ్లు తిప్పుకున్నాడు.

ఆ బండలో తన పాతికేళ్లున్నాయి. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. అనదగ్గ చోటు కాదని ఆయనకూ తెలుసు. ఈ గాలి ఈ మనిషిని బతికించదనీ తెలుసు. చక్రం తిప్పకుండా ఉండడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు కూడా. కానీ మొగుడి చూపు నుంచి బండ దాకా, బండ నుంచి తన దాకా రోశమ్మ కళ్లు తిరుగుతూనే ఉన్నాయి.

ఆయన వెనక సీట్లోకి మారాడు. తువ్వాలు విప్పాడు. "గొట్టం ఉందా?" అని అడిగాడు. రోశమ్మ నడుము దగ్గర దోపుకున్న గొట్టం తీసి ఇచ్చింది. ఆయన తొడిగి, తన చేత్తోనే చక్రం తిప్పాడు. కొంచెం కొంచెంగా కాదు, నిలకడగా తిప్పి వదిలేశాడు.

తిరుపతయ్య పీల్చుకున్నాడు. మొహానికి గాలి తగులుతుంటే కళ్లు సగం మూసుకున్నాడు. చేతులు కిందికి జారి ఒళ్లో పడ్డాయి. కొంత నెమ్మదించాడు. అది గాలి వల్లనో, అడిగింది ఇచ్చారన్న దాని వల్లనో చెన్నకేశవులు చెప్పలేడు. ముల్లు దిగుతూ దిగుతూ సున్నా దగ్గర ఆగింది. గూడ్సు వచ్చింది. సున్నపురాయి నింపుకున్న పెట్టెలు ఒకదాని వెనక ఒకటి పోతూనే ఉన్నాయి. గొట్టంలో గాలి అయిపోయాక కూడా తిరుపతయ్య దాన్ని పెదాల మధ్యే పట్టుకుని ఉన్నాడు. ఒకసారి అందులోకే దగ్గాడు. చెన్నకేశవులు గొట్టం తీయలేదు. ఆ కొసను రోశమ్మ పట్టుకుని ఉంది.

గేటు లేచింది.

నకరికల్లు దాటాక రోశమ్మ, "బండి ఆపు నాయనా" అంది. ఇక్బాల్ ఆపాడు. ఆమె మొగుడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తర్వాత ఆ వేలిని చాలాసేపు అలాగే ఉంచింది.

"ఇంక తిప్పు" అంది. "ఇంటికి."

చెన్నకేశవులు ఆసుపత్రికి పోయి చూపిద్దామన్నాడు. "వద్దయ్యా. వాళ్లు పరీక్షలని కోస్తారు. ఇప్పటికే ఆయన్ని సూదులతో చానా పొడిచారు" అంది. ఇక్బాల్ జీపు తిప్పాడు. ఈసారి గేటు తీసే ఉంది.

*

హైదరాబాదు తిరిగొచ్చాక చెన్నకేశవులు బండను పరీక్షకు ఇచ్చాడు. ఇవ్వక తప్పదు. సాబిరా అనే సూక్ష్మజీవుల శాస్త్రవేత్త ఈ పనిలో మొదటి నుంచీ ఆయనతో ఉంది. ఆమె బండ లోపలి గోడను కడిగి, ఆ నీళ్లను గాజు పళ్లేల్లో వేసి వెచ్చగా పెట్టింది. చెన్నకేశవులు ఆమెకు అప్పటికి ఏమీ చెప్పలేదు. చెప్పాలనుకున్నాడు. తర్వాత ఆమె వేరే పని మీద ఊరెళ్లింది.

తిరిగొచ్చిన రోజు ఆమె ఆయన గదిలోకి నడిచి కాదు, దాదాపు పరుగెత్తి వచ్చింది.

"సార్, పెరిగింది."

"ఏం పెరిగింది?"

"రండి. మీరే చూడండి."

గాజు పళ్లెంలో తెల్లటి చుక్కలు మొలిచి ఉన్నాయి. మంచు బిందువులంతవి. సాబిరా మొహం వెలిగిపోతోంది. ఆమెకు అది ముప్పై కిలోమీటర్ల ఎత్తు నుంచి దిగొచ్చిన ప్రాణం. చెన్నకేశవులు ఆ పళ్లెం మీదికి వంగి, లేవలేదు. ఈ దృశ్యం కోసమే ఆయన బతికాడు. తోకచుక్క ధూళిలో నిద్రపోయి, ఇక్కడ వెచ్చదనం తగిలి లేచిన జీవి ఇలాగే ఉంటుందని ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. సరిగ్గా ఇలాగే ఉంది.

"సాబిరా, ఆ బండ నేనే తెరిచాను" అన్నాడు.

కూర్చోబెట్టి అంతా చెప్పాడు. గేటు దగ్గరి సంగతి చెప్పేటప్పుడు ఆమె తల వంచుకుంది. ఆయన ముగించాక, "అయినా ఏంటో తేల్చుదాం సార్" అంది.

తేలింది. మొదట పెరిగినవి మనిషి గొంతులో మామూలుగా ఉండేవి. టీబీ క్రిమి పెరగడానికి వారాలు పడుతుంది. ఉగాది పోయాక అదీ కనిపించింది. "పైది కాదు సార్. ఒక మనిషి దగ్గులోది" అంది సాబిరా. ఆవిరి యంత్రంలో పెట్టి పళ్లేలన్నిటినీ ఉడికించేశారు. నిబంధన అది.

చెన్నకేశవులు జరిగింది జరిగినట్టు రాసి ఇచ్చాడు. కమిటీలో ఎవరూ అరవలేదు. ఒకాయన మాత్రం, "పనికిరాదని తెలిసీ తెరిచారా?" అని అడిగాడు. "తెలిసే" అన్నాడు చెన్నకేశవులు. "అలాంటప్పుడు మేం చేయగలిగిందేముంది" అని ఆయన కాగితాలు పక్కన పెట్టాడు. రెండో బెలూను మాట ఎవరూ ఎత్తలేదు. చెన్నకేశవులూ ఎత్తలేదు.

*

ఎండలు ముదిరాక ఆయన పని మీద కాకుండా ఊరికే మాచర్ల వెళ్లాడు. ఉండలేక వడ్డెరపేటకు బస్సెక్కాడు. రోశమ్మ ఇంటికి గొళ్లెం పెట్టి ఉంది. మంగమ్మ గొంతును బట్టి గుర్తుపట్టింది.

"మిల్లు కాడికి పోయింది నాయనా. తిరుపతయ్య చేసిన పనిలో పెట్టుకున్నారు."

"ఏ పనిలో?"

"ఆ పనిలోనే. బస్తాలకెత్తను."

మిల్లు రోడ్డు మీదే ఉంది, రేకుల షెడ్డు. అన్నాల వేళ. ఆడవాళ్లు గోడ నీడన కూర్చుని టిఫిను డబ్బాలు విప్పుతున్నారు. రోశమ్మ ఆయన్ని చూసి లేచి, చేతులు కడుక్కుని వచ్చింది. కడిగిన చేతులు తప్ప మనిషంతా పిండి.

"ఇందులోకి ఎందుకొచ్చావమ్మా? ఆయన్ని చంపిందే ఇది."

"తెలుసయ్యా."

"కూతురు దగ్గరికి పోవచ్చుగా."

"అల్లుడికి జిన్నింగు మిల్లులో ఇచ్చిన గదిలో వాళ్లే ఒకరి మీద ఒకరు పడుకుంటన్నారు. మిరప కోతలయిపోయినాయి. ఇంకేం పనుంది ఇక్కడ?" ఆమె కొంగు దులుపుకుంది. "నువ్వు పెద్ద ఆఫీసరువి. ఎవరికన్నా చెప్పి దీన్ని మూయించేవు. మూయించబాకయ్యా. వీళ్లందరూ నన్ను తిడతారు."

ఆయన ఆమెకు చెప్పాలని వచ్చిన మాట వేరే ఉంది. అది ఆమెకు ఓదార్పవుతుందని బస్సులో అనిపించింది. చెప్పడం మొదలుపెట్టాక అంత నమ్మకం లేకపోయింది.

"ఆ రోజు తిరుపతయ్య ఆ గొట్టంలోకి దగ్గాడు గదా. బండను పరీక్ష చేస్తే, ఆయన ఊపిరిలోవి చిన్న జీవులు దొరికినయ్యి. ఆయన పోయినా అవి బతికే ఉన్నయ్యి."

"జీవులంటే?"

"కంటికి కనపడవు. ఆయన జబ్బువి."

రోశమ్మ కొంగుతో మొహం మీది పిండి తుడుచుకుంది.

"వాటినేం చేశారు?"

"ఉడకబెట్టి చంపేశాం."

"మంచి పని చేశారు" అంది. "ఇంకొకళ్లకు అంటుకుంటే?"

ఆయన తల ఊపాడు. ఆమె వెళ్లిపోబోయి ఆగింది.

"ఆ పొద్దు అడిగితే నువ్వు చెప్పలా. ఆ గాలి అంత పైనుంచి ఎందుకు తెచ్చారయ్యా?"

"అక్కడ గాలి చానా పలచన. అందులో ప్రాణమున్నది ఏదన్నా ఉందేమోనని. చూద్దామని."

"ఉందా?"

"తెలీదమ్మా. ఇంక నేను చూడలేను."

రోశమ్మ పైకి చూడలేదు. ఆయన కాళ్ల వంక చూస్తూ, "వాటికీ ఊపిరి ఆడాలి గదా" అంది. "అంత పలచటి గాలంటివి. పాపం."

లోపల ఇనప ముక్క మీద గంట కొట్టారు. ఆమె కొంగు ముక్కుకు అడ్డంగా బిగించి, మిగతావాళ్లతో పాటు షెడ్డులోకి వెళ్లింది. మర మొదలైంది. రేకుల సందుల్లోంచి దుమ్ము లేచి రోడ్డు మీదికి వచ్చింది. చెన్నకేశవులు జేబులోంచి రుమాలు తీశాడు, కానీ ముక్కు దాకా ఎత్తలేకపోయాడు. బస్సు వచ్చేదాకా ఆ దుమ్ములోనే నిలబడ్డాడు.